కోరల వెనుక మనిషి

పోయిన సంవత్సరం మా కాలేజీ వార్షికోత్సవానికి నాటకం వేయించే భారం నా నెత్తిన పడింది. తెలుగు మాస్టారంటే నాటకం ఆయనదేనని ప్రతి కాలేజీలోనూ ఒక నమ్మకం వుంటుంది గదా! అందరికీ తెలిసిన కథయితే పిల్లలు తొందరగా పట్టుకుంటారని బకాసుర వధ ఎన్నుకున్నాను. భీముడి వేషానికి ముగ్గురు పోటీపడ్డారు. బకాసురుడికి మాత్రం ఒక్కడూ ముందుకు రాలేదు. చివరికి బి.కాం. రెండో ఏడు చదివే కుర్రవాణ్ణి ఒకణ్ణి, ఆరడుగుల మనిషిని, బతిమాలి ఒప్పించాను. "సార్, జనం నన్ను చూసి నవ్వకుండా వుంటే చాలు" అన్నాడు వాడు.

బజారులో ఒక రబ్బరు ముసుగు దొరికింది. ఆకుపచ్చ చర్మం, వేలాడే ఎర్రని నాలుక, ఇంతేసి కోరలు. చూసి ముచ్చటపడి కొన్నాను. రిహార్సల్లో వాడు దాన్ని తగిలించుకుని గర్జించాడు. గర్జన ముసుగులోనే వుండిపోయింది. వెనక కూర్చున్న ఆడపిల్లలు పకపకా నవ్వారు. వాడు ఏది జరుగుతుందని భయపడ్డాడో అదే జరిగింది.

మా వూళ్ళో పౌరాణిక నాటకాలకు రంగులు వేసే పెద్దాయన ఒకరున్నారు. డెబ్బయ్ దాటాయి. ఎవరో చెబితే వెళ్ళి పిలుచుకు వచ్చాను. ఆయన ఆ ముసుగును ఇటూ అటూ తిప్పి చూసి, "మాస్టారూ, ఇది రాక్షసుడి ముఖం కాదండి, రాక్షసుడి మూత. ముఖం కనపడకపోతే జనానికి భయం ఎక్కణ్ణించి వస్తుందండీ?" అన్నారు. ఆ తర్వాత కుర్రవాణ్ణి ఎదురుగా కూర్చోపెట్టుకుని, "నవ్వు బాబూ" అన్నారు. నవ్వాడు. "కోపం తెచ్చుకో" అన్నారు. తెచ్చుకున్నాడు. పది నిమిషాలు వాడి ముఖం వంక చూస్తూ కూర్చుని అప్పుడు రంగులపెట్టె తెరిచారు. అరదళం, కాటుక, ఎర్రరంగు, జిగురు, జనపనార, తెల్ల మైనంతో చేసిన రెండు కోరలు. గంటన్నర పట్టింది. లేచి నిలబడి కుర్రవాడు కనుబొమ్మ ఒకటి ఎత్తేసరికి, ఇందాక నవ్విన ఆడపిల్లలే ఒక అడుగు వెనక్కి వేశారు.

నాటకం రాత్రి ఏం జరిగిందో తర్వాత చెబుతాను. అది నాకు గర్వకారణమైన సంగతి కాదు. కాని 'మూత' అన్న ఆ ఒక్క మాట నన్ను వదిలిపెట్టలేదు. వేసవి సెలవులన్నీ ఆ ధ్యాసలోనే గడిచాయి. తెర మీద భూతాలకూ, రక్తపిశాచులకూ ప్రాణం పోసినవాళ్ళు ఎవరు, ఎలా పోశారు అని దొరికిన పుస్తకాలు చదివాను, పాత చిత్రాలు కూర్చుని చూశాను. ఇంట్లో మా ఆవిడ, "ఎండాకాలం సెలవుల్లో ఎవరైనా తిరుపతి వెడతారు గాని దయ్యాలతో కాపురం చేస్తారా?" అని సాధించింది.

మొదట చెప్పుకోవలసినవాడు లాన్ చానీ. 1883లో అమెరికాలో పుట్టాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ చెవిటి మూగలు. తల్లి మంచాన పడితే, పసివాడు వూళ్ళో జరిగిన సంగతులన్నీ ఆమె ముందు చేతులతో, ముఖంతో ఆడి చూపించేవాడట. మాట లేకుండా మనసు తెలియజెప్పడం వాడికి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. అటువంటివాడు మూకీ చిత్రాలలోకి వస్తే అడ్డేముంది? 1923లో నోట్రడామ్ గూనివాడుగా, 1925లో 'ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా' లో ముసుగు మనిషిగా వేశాడు. తన ముఖం తనే దిద్దుకునేవాడు. ముక్కుపుటాలు పైకి లాగి కట్టి, కళ్ళు గుంటలు పడినట్టు నల్లరంగు వేసి, పుర్రెలాంటి ముఖం తెచ్చుకున్నాడు. ఆ ముఖాన్ని కంపెనీవారు ప్రకటనల్లో సైతం వేయలేదు. హాలులో కూర్చున్నవాడు మొదటిసారి అక్కడే చూసి అదిరిపడాలని వారి ఎత్తు. 'ఎన్సైక్లోపీడియా బ్రిటానికా' 1929లో కొత్తగా అచ్చయినప్పుడు సినిమా మేకప్ గురించిన వ్యాసం రాయించింది చానీ చేతనే. రంగులపెట్టె పట్టుకున్నవాణ్ణి పండితుల పంక్తిలో కూర్చోబెట్టారన్నమాట. ఆ మర్యాద తర్వాతి వాళ్ళకు దక్కలేదు.

చానీ కంటె ముందే జర్మనీలో ఒక చిత్రం వచ్చింది. 'నాస్ఫెరాటు', 1922. తీసిన కంపెనీ పేరు వింటే తెలుగువాడికి నవ్వు వస్తుంది: 'ప్రాణ ఫిల్మ్'. మన ప్రాణమే! చచ్చీ చావని రక్తపిశాచి కథ తీయడానికి ప్రాణమని పేరు పెట్టుకున్న కంపెనీ అది. అందులో మాక్స్ ష్రెక్ అనే రంగస్థల నటుడు పిశాచి వేషం వేశాడు. బోడితల, గబ్బిలం చెవులు, ఎలుకకు మల్లే ముందుపళ్ళు రెండూ పొడుచుకు వచ్చినవి, పొడుగాటి గోళ్ళు. చేసింది అంతే. మిగతాదంతా దర్శకుడు మూర్నావ్ నీడతో, కెమేరాతో సాధించాడు. పిశాచి శవపేటికలోంచి లేచేటప్పుడు నడుము వంగదు, పలక లేచినట్టు లేస్తాడు. మెట్ల మీద మనిషి కనపడడు, గోడ మీద నీడ మాత్రం ఎక్కుతూ వుంటుంది. బండి అడవిలో పోయే చోట నెగటివునే చూపించాడు. నల్లని చెట్లు తెల్లబడి, ఆకాశం నల్లబడి, లోకమే తలకిందులయినట్టు వుంటుంది. నేను ఈ చిత్రం మధ్యాహ్నం పన్నెండు గంటలకు, కిటికీలు తెరిచి పెట్టుకుని చూశాను. అయినా గోడ మీద నీడ కదిలే చోట లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చానని ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

ఇంతా చేసి ఆ కథ వారిది కాదు. బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన 'డ్రాక్యులా' నవలను అనుమతి లేకుండా ఎత్తుకుని పేర్లు మార్చారు. స్టోకర్ భార్య ఫ్లారెన్స్ అప్పటికి విధవరాలు. ఆమె దావా వేసింది. కంపెనీ దివాళా తీసింది. 1925లో జర్మను కోర్టు, ఆ చిత్రం ప్రతులన్నీ నాశనం చేయవలసిందని తీర్పు చెప్పింది. కాని ఎక్కడో కొన్ని ప్రతులు మిగిలిపోయాయి. పిశాచి కథ గదా, ఒక పట్టాన చావదు! ఇంకో విశేషం: సూర్యకిరణం తగిలితే రక్తపిశాచి నశిస్తుందని ఇవాళ చిన్నపిల్లలకు కూడా తెలుసు. స్టోకర్ నవలలో అది లేదు. అందులో డ్రాక్యులా పట్టపగలు వీధుల్లో తిరుగుతాడు, శక్తి మాత్రం కొంత తగ్గుతుంది. సూర్యుణ్ణి తెచ్చి పిశాచిని చంపింది ఈ దొంగచిత్రమే. పురాణానికి స్థలపురాణం కలిసినట్టు, తర్వాతి వాళ్ళంతా దాన్నే నిజం చేసుకున్నారు.

డబ్బిచ్చి హక్కులు కొని తీసిన 'డ్రాక్యులా' 1931లో అమెరికాలో యూనివర్సల్ కంపెనీ నుంచి వచ్చింది. వేషం హంగరీ నుంచి వచ్చిన బేలా లుగోసీది. అంతకుముందు 1927లోనే న్యూయార్కులో నాటకంలో అదే వేషం వేసి పేరు తెచ్చుకున్నాడు. ఈ చిత్రం చూడని వాళ్ళను, లుగోసీ కోరలు ఎంత పొడుగని అడిగి చూడండి. జానెడంటారు. నిజానికి చిత్రం మొత్తంలో ఒక్కసారి కూడా కోరలు కనపడవు! ఉన్నది ఒక నల్లని కోటు, నున్నగా దువ్విన జుట్టు, నెమ్మదిగా ఒక్కొక్క మాటే పేర్చినట్టు పలికే ఇంగ్లీషు. కెమేరా పట్టిన కార్ల్ ఫ్రాయిండ్ సన్నని వెలుగుచారలు రెండు సరిగా అతని కళ్ళ మీద పడేటట్టు ఏర్పాటు చేశాడు. ముఖం చీకటి, కళ్ళు వెలుగు. అదే పిశాచి. మా పెద్దాయన మాట ఇక్కడ నాకు మళ్ళీ జ్ఞాపకం వచ్చింది.

ఆ చిత్రానికి లుగోసీకి ముట్టింది వారానికి 500 డాలర్ల చొప్పున ఏడు వారాల జీతం. కంపెనీ మాత్రం ఆ రాబడితో కష్టకాలం గట్టెక్కింది. అటు తర్వాత పాతికేళ్ళు లుగోసీ ఏ వేషం వేసినా జనానికి డ్రాక్యులాయే కనిపించాడు. అటువంటి వేషాలే ఇచ్చారు, అవీ తగ్గిపోయాయి. మత్తుమందుకు బానిసై, 1955లో తనంత తానే వెళ్ళి ఆసుపత్రిలో చేరాడు. 1956లో పోయాడు. డ్రాక్యులా నల్లకోటుతోనే సమాధి చేశారు. మన నాటకాల వాళ్ళలో 'వేషం దిగలేదు' అని ఒక మాట వుంది. అది ఇంత అక్షరాలా నిజమైన సందర్భం నాకు మరొకటి తెలియదు.

అదే సంవత్సరం, అదే కంపెనీలో మరో భూతం లేచింది. 'ఫ్రాంకెన్‌స్టైన్'. మేరీ షెల్లీ 1818లో అచ్చు వేయించిన నవల. ఇక్కడ ఒక చిన్న దిద్దుబాటు చేయక తప్పదు. ఫ్రాంకెన్‌స్టైన్ అనేది భూతం పేరు కాదు, దాన్ని తయారు చేసినవాడి పేరు. భూతానికి పేరే లేదు. లోకం మాత్రం చేసినవాడి పేరు పట్టుకెళ్ళి భూతానికి పెట్టేసింది. కథలో జరిగిందది. స్టూడియోలో దీనికి సరిగ్గా ఎదురు జరిగింది. భూతాన్ని ప్రపంచమంతా గుర్తుపట్టింది, తయారు చేసినవాడి పేరు ఎవరికీ పట్టలేదు. అతని పేరు జాక్ పియర్స్.

గ్రీసులో పుట్టి, బేస్‌బాల్ ఆడాలనే ఆశతో అమెరికా చేరి, అది సాగక సినిమా స్టూడియోల్లో దొరికిన పనల్లా చేసి, చివరికి యూనివర్సల్ మేకప్ శాఖకు పెద్ద అయ్యాడు. పని చేసేటప్పుడు డాక్టరు లాగా తెల్లకోటు తొడుక్కునేవాడు. ఊహకు ఆధారం వుండాలని అతని పట్టుదల. శవాలను అతికి మనిషిని చేసిన డాక్టరు మెదడు ఎలా పెట్టి వుంటాడు? పుర్రె పైభాగాన్ని డబ్బామూతలా కోసి, లోపల పెట్టి, మళ్ళీ మూసి వుంటాడు. కనుక తల బల్లపరుపుగా వుండాలి, నుదుటి మీద కుట్టు వుండాలి. విద్యుత్తు ఎక్కించడానికి మెడకు రెండు పక్కలా ఇనపముక్కలు వుండాలి. ఇదీ తర్కం! మెడలోనివి బోల్టులని అనుకుంటాం గాని, అవి కరెంటు ఎక్కే దారులు.

వేషగాడు బోరిస్ కార్లాఫ్. అసలు పేరు విలియమ్ హెన్రీ ప్రాట్, లండనులో పుట్టిన ఇంగ్లీషువాడు. అతని తండ్రి మన దేశంలో ఉప్పు శాఖలో ఉద్యోగం చేసినవాడని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యమైంది. కార్లాఫ్‌కు అప్పటికి 43 ఏళ్ళు, చిన్నచిన్న వేషాలు వేసుకుంటూ కాలక్షేపం చేస్తున్నాడు. పియర్స్ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి రోజూ నాలుగు గంటలు పనిచేసేవాడు. దూది ఒక పొర, దాని మీద ఘాటైన వాసనగల కొలోడియన్ ద్రావకం ఒక పూత. అది ఆరాక మరో పొర, మరో పూత. ఇలా ప్రతి ఉదయం నుదురు మళ్ళీ కొత్తగా కట్టాలి. రంగు ఆకుపచ్చ కలిసిన బూడిద వన్నె. నలుపు తెలుపు ఫిల్ములో అది పీనుగు పాలిపోయినట్టు పడుతుంది. కళ్ళు మరీ తెలివిగా కనిపిస్తున్నాయని కార్లాఫే అన్నాడు. దానితో రెప్పల మీద మైనం వేసి సగం మూశారు. కార్లాఫ్ తన కట్టుడుపళ్ళు ఒక పక్క తీసేసి దవడ లోపలికి పోయేటట్టు చేసుకున్నాడు. కోటు చేతులు పొట్టిగా కుట్టించారు, చేతులు పొడుగ్గా కనిపించాలని. కాళ్ళకు తారురోడ్లు వేసే కూలీల బరువైన బూట్లు. ఎండాకాలపు నెలల్లో, ఆ దీపాల వేడిలో, దూది కుక్కిన కోటు తొడుక్కుని నడిచాడు. మరమిల్లు సన్నివేశంలో కథానాయకుణ్ణి భుజాన వేసుకుని కొండ ఎక్కమని మళ్ళీ మళ్ళీ తీశారు. నడుము దెబ్బతిన్నది. ఆ బాధ జీవితాంతం వదలలేదు.

చిత్రం ఆరంభంలో పాత్రల పట్టిక వస్తుంది. భూతం అన్నచోట నటుడి పేరు లేదు. ప్రశ్నార్థకం గుర్తు వుంది! ప్రచారానికి మంచి ఎత్తే, కాదనను. కాని నాలుగు గంటలు కుర్చీలో కూర్చుని, పొద్దుగూకే దాకా బండబూట్లతో నడిచిన మనిషికి మొదట దక్కింది ప్రశ్నార్థకం. పియర్స్ పేరయితే ఆరంభంలో ఒక మూల చిన్న అక్షరాల్లో వుంది. 1933లో హాలీవుడ్ నటులు పనిగంటల కోసం సంఘం పెట్టుకున్నప్పుడు మొదటి సభ్యుల్లో కార్లాఫ్ ఒకడు. భూతం వేషం వేసిన వాడికి పనిగంటల సంగతి ఒకరు చెప్పాలా?

ఆ చిత్రంలో ఒక సన్నివేశం వుంది. చెరువుగట్టున ఒక పసిపిల్ల ఒంటరిగా ఆడుకుంటూ వుంటుంది. భూతాన్ని చూసి భయపడదు. చేతికి పువ్వులిస్తుంది. ఇద్దరూ పువ్వులు నీళ్ళలోకి విసురుతారు, తేలుతుంటే నవ్వుతారు. భూతం పుట్టి నవ్వింది అప్పుడే. పువ్వులయిపోతాయి. పువ్వు తేలింది గనుక పిల్ల కూడా తేలుతుందనుకుని ఎత్తి నీళ్ళలో వేస్తాడు. తేలదు. ఆ ముఖంలో అప్పుడు పుట్టిన కంగారు చూడాలి! అంత దూది, అంత మైనం కింద నుంచి పసివాడి ఏడుపు పైకి వచ్చింది. ఇది చూడలేక సెన్సారువారు చివరి ముక్క కోసేశారు. ఫలితం ఏమిటంటే, భూతం పిల్ల వైపు చేతులు చాపడం కనిపిస్తుంది, ఆ తర్వాత తండ్రి చేతుల్లో పిల్ల శవం కనిపిస్తుంది. మధ్య ఏం జరిగిందో చూసేవాడు తన మనసులోని మురికితో పూరించుకోవాలి. పొరపాటు చేసిన పసివాడు పాపిష్టివాడయ్యాడు. 1980 దశకంలో గాని ఆ ముక్క తిరిగి అతకలేదు. సెన్సారు కత్తెర చేసినంత రాక్షసి పని పియర్స్ దూదీ చేయలేదు, ద్రావకమూ చేయలేదు.

1932లో 'మమ్మీ' చిత్రానికి కార్లాఫ్ ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చున్నాడు. తెర మీద ఆ కట్లు కట్టిన శవం కనిపించేది కొద్ది క్షణాలు. 1941లో 'వుల్ఫ్ మాన్'. అందులో చానీ కొడుకు తోడేలుగా మారతాడు. యాక్ బర్రె వెంట్రుకలు కొన్ని కొన్ని అతకడం, కొంచెం ఫిల్ము తీయడం, మళ్ళీ అతకడం. పాతిక ముప్ఫయ్యేళ్ళ తర్వాత కూడా పిల్లలు అవే ముఖాలు చూసి జడుసుకున్నారు. ఇంతలో రబ్బరు నురగతో ముందే పోతపోసి పెట్టుకునే తొడుగులు వచ్చాయి. నాలుగు గంటల పని ఒక గంటలో అవుతుంది. పియర్స్ చేతిపనినే నమ్ముకున్నాడు. 1946లో కంపెనీ చేతులు కలిసి కొత్త యాజమాన్యం వచ్చింది. త్వరలోనే పియర్స్ ఉద్యోగం పోయింది. తర్వాత దొరికిన చిన్న చిత్రాలకూ, టెలివిజనుకూ పనిచేశాడు. అందులో 'మిస్టర్ ఎడ్' ఒకటి. మాట్లాడే గుర్రం కథ! ఫ్రాంకెన్‌స్టైన్ భూతానికి తల కట్టిన చెయ్యి చివరికి గుర్రం పక్కన నిలబడే మనుషులకు పౌడరు అద్దింది. 1968లో పోయాడు. మేకప్‌కు ఆస్కార్ బహుమతి ఏటేటా ఇవ్వడం 1981 చిత్రాలతో గాని మొదలు కాలేదు. మొదటిది తీసుకున్నవాడు రిక్ బేకర్. పనితనం చూపింది మళ్ళీ తోడేలు మనిషి మీదనే.

రబ్బరు కాలంలో మనుషులు సుఖపడ్డారా అంటే అదీ లేదు. 1954లో 'క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్' అని ఒక చిత్రం వచ్చింది. సగం చేప, సగం మనిషి. గట్టు మీద ఒకడు, నీళ్ళలో మరొకడు వేషం కట్టారు. నీళ్ళలో దిగిన రికూ బ్రౌనింగ్‌కు గాలిడబ్బా లేదు. బుడగలు వస్తే అది చేప ఎలా అవుతుంది? ఊపిరి బిగపట్టి ఈదేవాడు, చాలనప్పుడు రబ్బరుగొట్టం దగ్గరకు వెళ్ళి రెండు గుటకల గాలి తాగేవాడు. ఆ జీవి రూపం గీసింది మిలిసెంట్ పాట్రిక్ అనే ఆమె. చిత్రం ప్రచారానికి ఆమెను వూరూరా తిప్పారు. పేరు ఆమెకు పోతున్నదని మేకప్ శాఖ పెద్దకు కడుపుమంట పుట్టింది. తెర మీద పేరు ఆయనదే పడింది. తిరిగి వచ్చాక ఆమెకు అక్కడ పని లేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత, 2019లో ఆమె కథ పుస్తకంగా వచ్చి లోకానికి తెలిసింది. అదే 1954లో జపానులో 'గాడ్జిల్లా'. లోపల వున్న హారువో నకజిమా మోసిన తొడుగు బరువు 100 కిలోల పైమాట. నాలుగడుగులు వేసేసరికి చెమట కారి మనిషి సొమ్మసిల్లేవాడు.

కోరల మాట మరిచాను. రక్తపిశాచికి పొడుగు కోరలూ, ఎర్రటి కళ్ళూ, రంగుల్లో నెత్తురూ తెచ్చి జనానికి అలవాటు చేసింది ఇంగ్లండులో హామర్ కంపెనీ 1958లో తీసిన 'డ్రాక్యులా'. వేషం క్రిస్టఫర్ లీది. బాగానే వేశాడు గాని, నాకు లుగోసీ కళ్ళే ఎక్కువ.

టెలివిజనులో ఇంత తీరిక ఎక్కడిది? అమెరికాలో 1966 నుంచి 1971 దాకా 'డార్క్ షాడోస్' అని పగటిపూట నాటకం ఒకటి వచ్చేది. 1967లో అందులోకి ఒక రక్తపిశాచిని ప్రవేశపెట్టారు. కొన్నాళ్ళుంచి పంపేద్దామని వారి ఉద్దేశం, జనం పోనిచ్చారు కాదు. తీసింది తీసినట్టు ప్రసారం చేసేవారు గనుక నటులు మాట మరిచిపోవడం, మైకు నెత్తి మీదికి దిగడం అన్నీ కనపడేవి. అయినా జనానికి పట్టలేదు. మనకు 1985లో దూరదర్శన్‌లో 'విక్రమ్ ఔర్ బేతాళ్' వచ్చింది. మా వీధి మొత్తానికి టి.వి. ఉన్నది ఒక్క ఇంట్లో. నాకు హిందీ ముక్క రాదు. మా నాయనమ్మకూ రాదు, కాని కథలన్నీ వచ్చు. బేతాళుడు తెల్లజుట్టు వేసుకుని రాజు వీపున ఎక్కి మాట్లాడుతూ వుంటే, వాడేమంటున్నాడో ఆవిడ నా చెవిలో చెప్పేది. ఒక్కోసారి బేతాళుడి కంటె రెండు వాక్యాలు ముందే వుండేది.

మన రాక్షసుల ధోరణి వేరు. పాశ్చాత్యుల భూతం ఒంటరిది. మనవాడికి రాజ్యం వుంది, తల్లి వుంది, చెల్లెలు వుంది, వెయ్యేళ్ళ తపస్సు వుంది. 'మాయాబజారు' లో 1957లో ఎస్.వి. రంగారావు గారి ఘటోత్కచుణ్ణి చూసి భయపడిన పిల్లవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. వాడు వస్తే పిల్లలు చప్పట్లు కొడతారు. మార్కస్ బార్ట్‌లీ కెమేరా ఎన్ని మాయలు చేసినా, లడ్డూలు ఎగిరి నోట్లో పడుతున్నా, మన చూపు మాత్రం రంగారావు గారి కనుబొమ్మ మీదే వుంటుంది. ఆ పెద్ద మీసమూ, కిరీటమూ ముఖాన్ని మూయలేదు, ఎత్తి చూపించాయి.

ఇప్పుడు రబ్బరూ పోయింది. 2002లో గొల్లమ్ అనే ఎముకలగూడును తెర మీద చూశాం. ఆండీ సెర్కిస్ అనే నటుడు నేల మీద పాకి, ఏడ్చి, గొణిగితే, ఆ కదలికలు పట్టుకుని కంప్యూటరు దగ్గర కూర్చున్నవాళ్ళు చర్మం తొడిగారు. ఈ విద్య మన హైదరాబాదుకూ వచ్చింది. 2012లో వచ్చిన 'లైఫ్ ఆఫ్ పై' లో పెద్దపులికి ప్రాణం పోసిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీకి హైదరాబాదులోనూ ఆఫీసు వుండేది. ఆ పులికి 2013 ఫిబ్రవరిలో ఆస్కార్ వచ్చింది. అదే నెలలో, బహుమతికి కొద్ది రోజుల ముందు కంపెనీ దివాళా దరఖాస్తు పెట్టింది. వేదిక మీద బహుమతి అందుకున్నాయన ఆ కష్టం చెప్పబోయేసరికి సంగీతం వాయించి మైకు ఆపేశారు. తర్వాత ఆ కంపెనీని కొన్న వారి పేరు ఏమిటనుకున్నారు? ప్రాణ స్టూడియోస్! ఆనాటి జర్మను కంపెనీ జ్ఞాపకం వచ్చి, రాత్రిపూట ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను.

ఇక మా నాటకం సంగతి. సాయంత్రం ఆరుగంటలకు మొదలు కావాలి. మధ్యాహ్నం మూడింటికే బకాసురుడు సిద్ధమయ్యాడు. ముఖ్య అతిథి గారు రావడం ఎనిమిదిన్నర అయింది. ఉపన్యాసాలు, శాలువలు, బహుమతులు. పదింటికి తెర లేచింది. ఏడు గంటల సేపు వాడు ఉక్కలో, జిగురుతో, నోట కోరలతో మంచినీళ్ళు కూడా గొట్టంతో తాగుతూ కూర్చున్నాడు. పెద్దాయన రెండుసార్లు నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, తీసేసి మళ్ళీ వేస్తానండి, గంటన్నర టైమివ్వండి" అన్నారు. అతిథి గారు ఏ క్షణాన వస్తారో అని నేనే వద్దన్నాను. నాటకం బ్రహ్మాండంగా నడిచింది. ఒక్కడూ నవ్వలేదు. భీముడు పడగొట్టినప్పుడు వాడు చచ్చిన తీరు చూసి ముందువరస అమ్మాయి ఒకతె కళ్ళు తుడుచుకుంది. దిగిన తర్వాత జనపనార లాగితే గడ్డం కింద చర్మం కూడా వచ్చింది. పెద్దాయన కొబ్బరినూనె దూదితో అద్దుతూ అద్దుతూ గంట సేపు తీశారు. వాడు ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. "సార్, నవ్వలేదు కదా?" అని మాత్రం అడిగాడు. ఆ మచ్చ మానడానికి నెల పట్టింది. వాడు క్లాసులో ఎదురుగా కూర్చుంటే పాఠం చెబుతూ నేను కిటికీ వైపు చూసేవాణ్ణి.

తర్వాత నాలుగు రోజులకు ఆహ్వానపత్రిక మళ్ళీ కంటబడింది. అచ్చు వేయించింది నేనే. అధ్యక్షుల పేరు, అతిథుల పేర్లు, నాటకం రచన దర్శకత్వం అని నా పేరు, చివరికి మైకు సెట్టు వారి పేరు కూడా వుంది. రంగులు వేసినాయన పేరు లేదు.

ఈ వేసవిలో, ఇదంతా చదివాక, వారి ఇంటికి వెళ్ళాను. మిగిలిన డబ్బేమైనా ఇవ్వాలా అని అడిగితే, అంతా ముట్టిందండీ అన్నారు. పేరు వేయకపోవడం తప్పయిందని చెప్పాను. "మా పేర్లు ఎవరు వేస్తారు లెండి" అని నవ్వేశారు. బకాసురుడి ఫోటో ఒకటి పెద్దది చేయించి తీసుకువెళ్ళాను. వెనక వారి పేరు, తేదీ నా చేతితో రాశాను. కళ్ళద్దాలు పెట్టుకుని వాకిట్లో వెలుతురులోకి పట్టుకెళ్ళి, వెనక వైపు చూడనే లేదు, ముఖం వైపే చాలాసేపు చూశారు.

"ఎడమ కోర కొంచెం వంకరగా వచ్చిందండి, మాస్టారూ. ఈసారి సరిచేద్దాం" అన్నారు.